మిర్చి పొడికి మాయిశ్చర్ అనలైజర్ (తేమ కొలిచే మిషన్): బిగించుకోవడం, సెట్ చేసుకోవడం, రోజూ వాడుకోవడం

మొన్న మా పక్క మిల్లు ల్యాబ్ కుర్రాడు ఫోన్ చేశాడు, "అన్నా కొత్త మిషన్ పాడైపోయినట్టుంది, మీ దగ్గర తేమ 9.8 శాతం వచ్చిన పొడే మా దగ్గర 11.6 చూపిస్తోంది, పైగా ఒక్కో టెస్టుకి అరగంట పడుతోంది, కంపెనీ వాళ్ళని పిలిపించమంటావా" అని. పిలిపించొద్దులే నేనొస్తా అని సాయంత్రం బండేసుకుని వెళ్ళా. చూస్తే మిషన్ ఉన్నది సీలింగ్ ఫ్యాన్ కింద, కిటికీ పక్కన, గోడకి అవతల పల్వరైజర్, అంటే పొడి కొట్టే మిషన్, దడదడలాడుతోంది. తక్కెడ ఒక్క క్షణం కూడా నిలకడగా ఉండట్లేదు, నిలకడ లేదు కాబట్టి బరువు తగ్గడం ఆగింది అని మిషన్‌కి తెలియట్లేదు, తెలియక ల్యాంప్ ఆపట్లేదు, ఆపకపోయేసరికి పొడి మాడుతోంది. పళ్ళెం తీసి చూస్తే ఎర్రగా ఉండాల్సిన కారం వక్కపొడి రంగులో ఉంది. మిషన్ బంగారంలా ఉంది, పెట్టిన చోటే తప్పు. ఇలాంటి ఫోన్లు ఇది మూడోదో నాలుగోదో, అందుకే అంతా ఒకచోట రాసి పడేద్దామని కూర్చున్నా.

నేను ముందు హైదరాబాద్ వైపు ఫార్మాలో మాత్రల గ్రాన్యూల్స్ ఎల్‌ఓడీలు (ఎండబెడితే ఎంత బరువు తగ్గుతుందో చూసే టెస్టులు) చూసేవాణ్ణి, ఇప్పుడు గుంటూరు దగ్గర మసాలా మిల్లులో క్యూసీ, అంటే నాణ్యత చూసే పని. రెండు చోట్లా మిషన్ ఒకటే, కంపెనీ ఓహాస్ అవ్వనీ మెట్లర్ అవ్వనీ షిమాడ్జు అవ్వనీ లోపల కథ ఒకటే, బటన్ల పేర్లే మారతాయి. నేను మిర్చి పొడిని పట్టుకునే చెప్తా, ఎందుకంటే రోజూ చేసేది అదే.

ఇది అసలు ఏం కొలుస్తుంది

లోపల ఉన్నవి రెండే, కింద ఒక తక్కెడ, పైన ఒక హాలోజన్ ల్యాంప్. ముందు శాంపిల్ బరువు చూస్తుంది, వేడి చేస్తూ బరువు చూస్తూనే ఉంటుంది, ఇక తగ్గట్లేదు అనిపించగానే ఆపి, తగ్గిన బరువు మొదటి బరువులో ఎంత శాతమో చెప్తుంది. అంతే. నీళ్ళు అనే సంగతి దానికి తెలీదు. వేడికి ఎగిరిపోయింది ఏదైనా సరే దాని లెక్కలో మాయిశ్చరే. నీళ్ళు పోయినా, సువాసన నూనె పోయినా, పొడిలో చక్కెర మాడి పొగైపోయినా అన్నీ ఒకే ఖాతాలో వేసేస్తుంది.

మిర్చిలో ఆవిరయ్యే నూనె చాలా తక్కువ కాబట్టి మనకి పెద్ద ఇబ్బంది లేదు. అదే లవంగాలు పెట్టి చూడండి, వాటిలో ఆవిరయ్యే నూనే 15 నుంచి 20 శాతం దాకా ఉంటుంది, మిషన్ దాన్ని కూడా నీళ్ళ కింద కలిపేసి ఎక్కడో ఆకాశంలో ఉన్న అంకె చూపిస్తుంది. జీలకర్ర, మిరియాలు, యాలకులు కూడా అంతో ఇంతో ఇదే బాపతు. అందుకే మసాలాలకి ఖచ్చితమైన పద్ధతి టోలీన్ అనే ద్రావకంతో మరిగించి నీళ్ళు విడిగా గాజు గొట్టంలోకి దించి కొలిచే డిస్టిలేషన్, ఐఎస్ఓ 939 అనే అంతర్జాతీయ ప్రమాణం చెప్పేది అదే. అనలైజర్ అనేది లోపల రోజువారీ కంట్రోల్‌కి, లారీ గేటు దగ్గర ఆగి ఉండగా పది నిమిషాల్లో అవునో కాదో తేల్చుకోవడానికి. పార్టీతో పేచీ వచ్చినప్పుడు అనలైజర్ స్లిప్పు పట్టుకుని వాదించకండి, డిస్టిలేషన్ రిపోర్ట్ తెప్పించుకోండి.

మిర్చి యార్డులో వ్యాపారులు టిక్కీలో (మిర్చి బస్తాలో) గుచ్చి చూసే చేతి మీటర్ వేరే సరుకు అండి, అది కరెంటు గుణాన్ని బట్టి తేమ అంచనా వేస్తుంది, బరువు చూడదు. దానికీ దీనికీ అర శాతం తేడా వస్తే కంగారు పడాల్సిన పనేం లేదు.

అంకె ఎందుకంత ముఖ్యం అంటే మిర్చి పొడికి ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లిమిట్ 11 శాతం. దాటితే ఫెయిల్. తేమ ఉన్న సరుకు గోడౌన్లో బూజు పడుతుంది, బూజు వస్తే అఫ్లాటాక్సిన్ అనే విషం భయం, ఎక్స్‌పోర్ట్ సరుకైతే యూరప్ వాళ్ళు అందులో బీ1 రకం ఒక్కటే 5 పీపీబీ (కేజీకి 5 మైక్రోగ్రాములు) దాటకూడదంటారు, మొత్తం కలిపి 10. అలాగని బాగా ఎండబెట్టేసినా నష్టమే, కాయ పెళుసెక్కి గింజ రాలిపోతుంది, తూకం కూడా పోతుంది. 10 టన్నుల సరుకు 11 నుంచి 10కి దిగిందంటే వంద కేజీల పైమాటే గాల్లో కలిసినట్టు. ఓనర్ గారు ల్యాబ్‌లోకి తొంగిచూసేది ఎక్కువగా ఈ లెక్క కోసమే లెండి.

ఎక్కడ పెట్టాలి, ఎలా బిగించాలి

డబ్బా తెరిచాక మొట్టమొదట లోపల రవాణా కోసం పెట్టిన ఫోమ్ ముక్కలు, టేపులు, లాక్ ఉంటే లాక్ అన్నీ తీశారా లేదా చూసుకోండి. ఇంత చిన్న సంగతి ఎవరు మర్చిపోతారు అనుకుంటారు, మా దగ్గర మర్చిపోయారు, మర్చిపోయింది నేనే. డబ్బా మాత్రం పారేయకండి, రిపేరుకి పంపాల్సొస్తే అదే కావాలి.

బిగించే వరస: కింద గుండ్రటి విండ్ షీల్డ్, మధ్యలో మూడు కాళ్ళ పాన్ సపోర్ట్, దాని మీద పాన్ హ్యాండ్లర్, అందులో అల్యూమినియం పళ్ళెం. పాన్ సపోర్ట్ పెట్టేటప్పుడు నెమ్మదిగా దించి కొంచెం అటూ ఇటూ తిప్పితే గాడిలో కూర్చుంటుంది, గట్టిగా నొక్కకండి, దాని కిందున్నది బరువు పసిగట్టే లోడ్ సెల్, నొక్కితే పోయేది అదే. హ్యాండ్లర్ ఎక్కడా షీల్డ్‌కి తగలకూడదు, తగిలిందంటే బరువు ఒకసారి ఒకలా ఇంకోసారి ఒకలా వస్తుంది, ఎందుకో అర్థం కాక జుట్టు పీక్కుంటారు.

చోటు గురించి. ఏసీ గాలి, ఫ్యాను, కిటికీ, తలుపు పక్కన వద్దు, ఎండ పడే చోట అసలే వద్దు. మిక్సీ, సీవ్ షేకర్ (జల్లెడ ఊపే మిషన్) అదే టేబుల్ మీద ఉండకూడదు. మాకు పల్వరైజర్ అదురు తప్పలేదు, మిల్లు అన్నాక ఎక్కడికి పారిపోతాం, అందుకని ల్యాబ్ మూలలో గోడకి అంటకుండా ఇటుకలతో రెండు దిమ్మెలు కట్టించి వాటి మీద మందపాటి కడప బండ వేయించాం. ఆ రోజు నుంచి దశాంశంలో మూడో అంకె ఆడటం ఆగింది. గ్రానైట్ టేబుల్ కొనాలంటే వేలల్లో అవుతుంది, ఇది మేస్త్రీ ఒక పూట పని. చుట్టూ కనీసం ఒక జానెడు ఖాళీ ఉంచండి, పైన ర్యాక్ లేకుండా చూసుకోండి, మూత తెరిస్తే వేడి తిన్నగా పైకే కొడుతుంది. టోలీన్, అసిటోన్, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) సీసాలు ఆ చుట్టుపక్కల ఉండకూడదు, ఎర్రగా కాలే ల్యాంప్ అది.

ఇంకో సంగతి, మిర్చి పొడి వేడెక్కితే ఘాటు లేస్తుంది. మొదటి వారం నేను దగ్గి దగ్గి చచ్చా. అలాగని మిషన్ పైనే ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టుకుంటే ఆ గాలికి తక్కెడ ఆగదు. ఎగ్జాస్ట్ గదికి అవతలి గోడలో ఉండాలి, మిషన్ దగ్గర గాలి తెలియకూడదు, గదిలో ఘాటు మాత్రం పోతూ ఉండాలి. టెస్ట్ అయిన వెంటనే మూత తెరిచి మొహం పెట్టి చూడకండి.

తర్వాత లెవెల్. బుడగ నల్ల గుండ్రంలో సరిగ్గా మధ్యకి వచ్చేదాకా కింద కాళ్ళ స్క్రూలు తిప్పాలి. మిషన్ అంగుళం జరిపినా మళ్ళీ చూడాలి. ఊడ్చే అమ్మాయి టేబుల్ తుడుస్తూ జరుపుతుంది, అందుకే నేను కాళ్ళ చుట్టూ మార్కర్‌తో గీతలు గీసి పెట్టా.

కరెంటుకి మూడు పిన్నుల ప్లగ్, ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి, ఎలక్ట్రీషియన్ చేత ఒకసారి చూపించండి. మిషన్ 230 వోల్టులదేనా అని వెనక స్టిక్కర్ చదవండి, 110 వోల్టుల మిషన్ ఇక్కడ పెడితే ల్యాంప్ గోవిందా. హీటర్ సుమారు 400 వాట్లు లాగుతుంది, కంప్యూటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్ మీద వేస్తే కుయ్యోమంటుంది, కనీసం 1 కేవీఏది కావాలి. మిల్లులో కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కొద్ది సెకన్లకే టెస్టు మధ్యలో ఆగిపోతుంది, ఆగితే ఆ శాంపిల్ వదిలేసి కొత్తది పెట్టడమే, సగం ఆరిన దాన్ని మళ్ళీ మొదలుపెట్టకూడదు.

ఆన్ చేసి అరగంట నుంచి గంట వదిలేయండి, తక్కెడ కుదుటపడాలి. నేను పొద్దున రాగానే ఆన్ చేసి టీకి వెళ్తా, వచ్చేసరికి సరిపోతుంది.

క్యాలిబ్రేషన్, మూడు రకాలు

ఒకటి బరువు. 50 గ్రాముల ఎఫ్1 బాటు (ఎఫ్1 అంటే ఖచ్చితత్వం తరగతి) ఒకటి కొనుక్కోండి, ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపు ఇచ్చే సంస్థ) సర్టిఫికెట్‌తో. బాటు చేత్తో ముట్టుకోకూడదు, చిమటాతోనే పట్టాలి. క్యాలిబ్రేషన్ మెనూలోకి వెళ్తే అది ఖాళీ పెట్టమంటుంది, బాటు పెట్టమంటుంది, తీయమంటుంది, చెప్పినట్టు చేస్తే అయిపోతుంది. పాన్ ఉంచాలా తీసేయాలా అన్నది మీ మోడల్ మాన్యువల్లో చూసుకోండి. ముఖ్యంగా ఇది మిషన్ చల్లగా ఉన్నప్పుడు చేయాలి, అప్పుడే టెస్ట్ చేసిన వేడి మీద చేస్తే తప్పుడు క్యాలిబ్రేషన్ లోపల కూర్చుంటుంది, ఇక రోజంతా అదే.

రెండోది టెంపరేచర్. చాలా మంది దీన్ని ఏళ్ళ తరబడి చూడరు. ల్యాంప్ పాతబడే కొద్దీ, గాజు మీద మరకలు పడే కొద్దీ 105 అని స్క్రీన్ మీద ఉన్నా పళ్ళెంలో 105 ఉండదు. దీనికి కంపెనీ వాళ్ళ టెంపరేచర్ కిట్ ఉంటుంది, పళ్ళెం చోట పెట్టే నల్ల డిస్కు, దాంట్లో థర్మామీటర్. ఎక్కువ మోడళ్ళలో 100 దగ్గర, 160 దగ్గర ఒక్కోటి పావుగంట ఉంచి థర్మామీటర్ ఎంత చూపిస్తే అంత ఎక్కించాలి. కిట్ ఖరీదెక్కువ, మేము కొనలేదు, ఆరు నెలలకోసారి సర్వీస్ ఇంజనీర్ వచ్చి చేసిపోతాడు, ల్యాంప్ మార్చినప్పుడు మాత్రం ఆ రోజే చేయించుకుంటాం.

మూడోది నాకు అన్నిటికంటే నమ్మకమైంది. సోడియం టార్ట్రేట్ డైహైడ్రేట్ అని తెల్ల పొడి దొరుకుతుంది, దాని అణువులోనే నీళ్ళు కట్టేసి ఉంటాయి, లెక్క ప్రకారం 15.66 శాతం. మెత్తగా ఉన్నది రెండు మూడు గ్రాములు పల్చగా పరిచి 150 డిగ్రీల దగ్గర పెట్టి బరువు నిలబడేదాకా నడపండి. 15.6, 15.7 ఆ దగ్గర్లో వస్తే తక్కెడా ల్యాంపూ రెండూ ఒకేసారి పాసైనట్టు. 14 వచ్చిందంటే వేడి చాలట్లేదు లేదా ముందే ఆపేస్తోంది. నెలకొకసారి చేసి ఆ అంకెలు గోడ మీద గ్రాఫ్‌లో చుక్కలు పెడతా, చుక్కలు ఒకే వైపు దిగుతున్నాయంటే ల్యాంప్ నీరసపడుతోందని ముందే తెలుస్తుంది.

మీ సరుకుకి సెట్టింగ్ కట్టుకోవడం

అంతా 105 పెట్టేస్తారు. ఎందుకు 105 అని అడిగితే ఓవెన్‌లో 105 కదా అంటారు. నిజమే కానీ ఓవెన్‌లో గాలి వేడెక్కి శాంపిల్‌ని వేడి చేస్తుంది, ఇక్కడ ల్యాంప్ నుంచి వచ్చే ఇన్‌ఫ్రారెడ్ తిన్నగా శాంపిల్ పీల్చుకుంటుంది, ముదురు రంగు పొడి ఎక్కువ పీల్చుకుంటుంది. మిర్చి పొడీ బియ్యప్పిండీ ఒకే 105 సెట్టింగ్‌లో ఒకేలా వేడెక్కవు. కాబట్టి మీ సరుకుతో మీరే సరిచూసుకోవాలి.

నేను చేసేది ఇలా. ఒక అరకేజీ పొడి తీసుకుని బాగా కలిపి, గాలి చొరబడని సీసాలో రాత్రంతా ఉంచుతా. తెల్లారి దాంట్లోంచి మూడు ఓవెన్‌లో 105 దగ్గర బరువు మారనిదాకా పెడతా, ఇది పూట పట్టే పని. అదే సీసాలోంచి అనలైజర్‌లో 95, 100, 105, 110, 115 ఒక్కోదానికి మూడేసి నడుపుతా. ఉదాహరణకి ఓవెన్ సగటు 9.8 అనుకోండి, 100 దగ్గర 9.5, 105 దగ్గర 9.8, 115 దగ్గర 10.4 వచ్చి పళ్ళెంలో పొడి నల్లబడింది అనుకోండి, అప్పుడు 105 ఫిక్స్. నల్లబడటం, మాడు వాసన రావడం అంటే నీళ్ళు కాదు సరుకే పోతోందన్నమాట. స్క్రీన్ మీద ఎండే గీత కూడా చూడండి, ముందు సర్రున దిగి తర్వాత పడుకోవాలి. పడుకున్నట్టే పడుకుని మళ్ళీ మెల్లగా దిగుతూనే ఉందంటే వేడి ఎక్కువైంది.

ఎప్పుడు ఆపాలి అన్నది ఇంకో సెట్టింగ్. టైమ్ పెట్టి ఆపొచ్చు, పది నిమిషాలంటే పది నిమిషాలు, లేదా మిషన్‌కే వదిలేయొచ్చు. వదిలేస్తే అది ఇన్ని సెకన్లలో 1 మిల్లీగ్రాము కంటే తక్కువ తగ్గితే ఆపు అనే రూల్ మీద పోతుంది. చాలా మిషన్లలో 50 సెకన్లు, 90, 140 అని ఉంటాయి. 50ది త్వరగా ఆపేస్తుంది, 140ది చివరి చుక్క దాకా లాగుతుంది. మిర్చి పొడికి నేను 50తోనే వెళ్తా, పసుపు కొమ్ము పొడికి 90, అది నీళ్ళు అంత తేలిగ్గా వదలదు.

ర్యాపిడ్ అనో ఫాస్ట్ అనో ఒక ప్రోగ్రాం ఉంటుంది, మొదట్లో సెట్ చేసిన దానికంటే ఎక్కువ వేడి కొట్టి తర్వాత దించుతుంది. నీళ్ళు బాగా ఉన్న వాటికి పర్లేదు, పండు మిర్చి ముక్కల్లాంటి వాటికి. ఎండు పొడికి వాడకండి, మాడుతుంది. స్టాండర్డ్ చాలు.

శాంపిల్ ఎంత? తక్కెడ 1 మిల్లీగ్రాము దాకా చూస్తుంది. గ్రాము పొడి పెడితే ఆ 1 మిల్లీగ్రాము తేడానే 0.1 శాతం, 5 గ్రాములు పెడితే 0.02 శాతం. త్వరగా అయిపోతుందని గ్రామున్నర పెట్టేవాళ్ళని చూశా, వాళ్ళకి రెండు దశాంశాలు చూపించినా రెండోది ఉత్త అలంకారం. అలాగని 15 గ్రాములు గుట్ట పోస్తే పైన మాడి కింద పచ్చిగా ఉంటుంది. మిర్చి పొడికి 5 గ్రాములు, రెండు మూడు మిల్లీమీటర్ల మందం.

రోజూ నడపడం

టెస్టు అసలు గోడౌన్లోనే మొదలవుతుంది. లాట్‌లో పైనున్న ఒక్క టిక్కీలోంచి గుప్పెడు తెస్తే ఆ గుప్పెడు తేమే తెలుస్తుంది, లాట్ తేమ కాదు. గోడ వైపు, నేల మీద, మధ్యలో ఉన్న బస్తాల్లోంచి తీసి, శుభ్రమైన షీటు మీద కలిపి, కుప్పని నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు ఉంచుకుని మిగతా రెండు తీసేయాలి, మళ్ళీ కలిపి మళ్ళీ నాలుగు, వంద గ్రాములు మిగిలేదాకా. వెంటనే జిప్ కవర్లో. వానాకాలం అయితే ఈ పని గబగబా చేయాలి, మన కోస్తా గాల్లో ఎండిన పొడి అరగంట తెరిచి ఉంటే తేమ తాగేస్తుంది.

కాయలైతే తొడిమలతో సహా కత్తెరతో ముక్కలు చేసి, మిక్సీలో ఆపి ఆపి తిప్పాలి, ఒక్కోసారి ఐదు సెకన్లకి మించకుండా. ఏకధాటిగా తిప్పితే జార్ వేడెక్కుతుంది, మూత తీయగానే ఆవిరి వస్తుంది చూడండి, మనం కొలవాల్సిన నీళ్ళే అవి. పల్వరైజర్ నోట్లోంచి అప్పుడే పడ్డ పొడి వేడిగా ఉంటుంది, దాన్నీ మూసిన డబ్బాలో చల్లారనిచ్చి పెట్టాలి.

మిషన్ దగ్గరికొస్తే, కొత్త అల్యూమినియం పళ్ళెం హ్యాండ్లర్‌లో పెట్టి లోపల దించండి. వంకర పోయిన పళ్ళెం వద్దు, అడుగు ఎక్కడైనా తగులుతుంది. ఖర్చు కలిసొస్తుందని వాడిన పళ్ళాలు కడిగి వాడతారు కొందరు, కడిగితే కడగండి గానీ పూర్తిగా ఆరకపోతే ఆ నీళ్ళు కూడా మిర్చి ఖాతాలోకే పోతాయి, నేనైతే మాత్రం వాడను. టేర్ కొట్టండి, అంటే పళ్ళెం బరువు తీసేసి సున్నా చేయండి, సున్నా నిలబడాలి. స్పాచులాతో 5 గ్రాములు వేయండి, 4.8 నుంచి 5.2 లోపల ఏదైనా ఒకటే, సరిగ్గా 5.000 కోసం చిటికెడు వేసి చిటికెడు తీసి ఆడుకుంటూ కూర్చుంటే పళ్ళెం అంచుల్లో ఉన్న పొడి ఎండిపోతూ ఉంటుంది. హ్యాండ్లర్ బయటికి తీసి పక్కకి మెల్లగా రెండు మూడుసార్లు తడితే పొడి తనంతట తాను సమంగా సర్దుకుంటుంది, స్పాచులాతో గీకి చదును చేస్తే సగం దానికే అంటుకుంటుంది. అడుగున అల్యూమినియం ఎక్కడా కనపడకూడదు, కనపడిన చోట వెలుతురు తిరిగి కొట్టి పక్కనున్న పొడి ఇంకోలా వేడెక్కుతుంది.

మూత వేసి స్టార్ట్. నడిచేటప్పుడు టేబుల్ మీద మోచేతులు ఆనించి ఫోన్ చూడకండి.

ఒకదాని వెనక ఒకటి చేసేటప్పుడు అసలు చిక్కు ఇక్కడుంది. మొదటి టెస్టు అయ్యాక లోపల ఇంకా వేడిగా ఉంటుంది, ఆ వేడి మీద కొత్త పొడి పెట్టి పేరు టైప్ చేస్తూ కూర్చుంటే స్టార్ట్ నొక్కే లోపే నీళ్ళు ఎగరడం మొదలవుతుంది, మొదటి బరువే తక్కువ పడుతుంది, రిజల్ట్ తక్కువొస్తుంది. పొద్దున మొదటి శాంపిల్ 10.3, అదే కవర్లోది మధ్యాహ్నం ఆరోసారి 9.9 వస్తే కారణం చాలాసార్లు ఇదే. మూత తెరిచి పెట్టి 50 డిగ్రీల కిందకి దిగనివ్వండి, శాంపిల్ పేరు, లాట్ నంబర్ ముందే ఎక్కించుకోండి, పొడి వేశాక ఆలస్యం చేయకండి. ఏ శాంపిల్ అయినా రెండుసార్లు చేయండి, తేడా 0.2 లోపల ఉంటే సగటు రాసుకోండి, దాటితే మూడోది. ఈ 0.2 మా ల్యాబ్ పెట్టుకున్న హద్దు, మీది మీరు పెట్టుకోండి.

ఇప్పుడు నా పరువు పోయిన కథ. ఒకసారి వరసగా నాలుగు లాట్లు 11.5, 11.6 అని ఫెయిల్ అయ్యాయి. సరుకు ఆపేశాం, మళ్ళీ కల్లంలో పరిపించాం, రెండు రోజులు పోయాయి. తీరా చూస్తే ఎవరో మిషన్ తుడుస్తూ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే మోడ్ మార్చేశారు. మాయిశ్చర్ రెండు రకాలుగా చెప్పొచ్చు, తడి బరువు మీద, ఎండిన బరువు మీద. 5.000 గ్రాముల పొడి ఎండాక 4.480 అయింది అనుకోండి, పోయింది 0.520. దాన్ని 5.000తో భాగిస్తే 10.40 శాతం, పాస్. అదే 0.520ని 4.480తో భాగిస్తే 11.61, ఫెయిల్. పొడి అదే, పోయిన నీళ్ళూ అవే. ఎంసీ అని ఉంటే తడి లెక్క, మనకి కావాల్సింది అది. ఆట్రో అనో డ్రై బేసిస్ అనో ఉంటే రెండోది. డీసీ అని ఉంటే 89.60 అని ఎండిన పదార్థం శాతం చూపిస్తుంది, దాన్ని చూసి ఒక ట్రైనీ గుండె ఆగినంత పనైంది. అప్పటినుంచీ స్లిప్పులో మొదటి బరువు, చివరి బరువు రెండూ వచ్చేలా పెట్టి, అనుమానం వస్తే కాలిక్యులేటర్‌తో కొట్టి చూస్తా. పక్క మిల్లు కుర్రాడిది ఈ బాపతే అయ్యుంటుందని వెళ్ళేటప్పుడు దారంతా అనుకున్నా, అతని మోడ్ మాత్రం సరిగ్గానే ఉంది.

వేరే సరుకులు వస్తే

అల్లం వెల్లుల్లి పేస్టు, చింతపండు గుజ్జు, పచ్చళ్ళ ముద్ద లాంటివి ఉత్త పళ్ళెంలో వేస్తే పైన పొక్కు కట్టి లోపల నీళ్ళు బందీ అయిపోతాయి, టప్పుమని చిట్లి ల్యాంప్ గాజుకి కొడుతుంది. వీటికి గ్లాస్ ఫైబర్ ప్యాడ్ దొరుకుతుంది, గుండ్రంగా దూదిలా ఉంటుంది. ప్యాడ్‌తో సహా టేర్ చేసి, రెండు గ్రాముల ముద్ద దాని మీద సన్నగా రాయండి. బెల్లం కలిసిన మసాలా అయితే వేడి తగ్గించండి, చక్కెర మాడితే ఎంతసేపైనా బరువు తగ్గుతూనే ఉంటుంది. ధనియాలు, జీలకర్ర గింజలుగా పెట్టకండి, పొడి చేయాలి, చేసినా పైన చెప్పిన నూనె గొడవ ఉంటుందని గుర్తుపెట్టుకుని డిస్టిలేషన్‌తో ఎంత తేడా వస్తోందో ఒకసారి చూసి రాసి పెట్టుకోండి. ఫార్మా వాళ్ళకి ఒక్క మాట, గ్రాన్యులేషన్‌లో ఐపీఏ వాడి ఉంటే అది ఇంకా పూర్తిగా పోని గ్రాన్యూల్స్ ఇందులో పెట్టొద్దు, లెక్క తప్పడం సంగతి అటుంచి అది అంటుకునే సరుకు.

మొరాయిస్తే

అంకె నిలబడట్లేదంటే వరసగా గాలి, అదురు, లెవెల్, పళ్ళెం ఎక్కడైనా తగలడం చూడండి, ఈ నాలుగూ కాకపోతే పాన్ సపోర్ట్ ఎత్తి కింద చూడండి. మా దగ్గర సగం సార్లు అక్కడ కారం పేరుకుని ఉంటుంది, ఒక గింజ ఇరుక్కున్నా చాలు. టెస్ట్ అసలు ముగియట్లేదంటే వేడి ఎక్కువై మాడుతోందో, తక్కెడ ఊగుతోందో. ప్రతిసారీ తక్కువ వస్తోందంటే గాజు మసకబారిందో, ల్యాంప్ పోతోందో, వేడి మీద శాంపిల్ పెడుతున్నారో. మైనస్ అంకె వస్తే టేర్ సరిగ్గా పడిందో లేదో చూడండి.

క్లీనింగ్ రోజూ సాయంత్రం, ప్లగ్ పీకి, పూర్తిగా చల్లారాక. పాన్ సపోర్ట్, షీల్డ్ తీసి బ్రష్‌తో దులిపి తడి గుడ్డతో తుడవండి. బ్లోయర్ గాలి కొట్టకండి, కారం లోడ్ సెల్ లోపలికి పోతుంది. రిఫ్లెక్టర్ కింద ఉన్న గాజుని మెత్తటి గుడ్డతో వారానికోసారి తుడవాలి, కారం నూనె మరక పడి ఉంటుంది. ల్యాంప్‌ని మాత్రం వేళ్ళతో ముట్టుకోకండి, వేలి జిడ్డు పడ్డ చోట వేడెక్కి గాజు పగులుతుంది. ఇంకోటి, క్లీనింగ్ అయిన చేత్తో కళ్ళు నలుపుకోకండి, ఇది మాన్యువల్లో ఉండదు.

రిజిస్టర్‌లో తేదీ, లాట్, సెట్ చేసిన వేడి, ఆపే పద్ధతి, మొదటి బరువు, చివరి బరువు, రిజల్ట్, ఎన్ని నిమిషాలు పట్టింది, ఎవరు చేశారు ఇవన్నీ రాయండి. నిమిషాలు ఎందుకంటే రోజూ తొమ్మిది పట్టేది ఇవాళ పదిహేను పట్టిందంటే రిజల్ట్ మామూలుగానే ఉన్నా ఏదో తేడా వచ్చినట్టే. ప్రింటర్ స్లిప్పు థర్మల్ పేపర్ కాబట్టి కొన్నాళ్ళకి తెల్లకాగితం అయిపోతుంది, ఆ రోజే జిరాక్స్ తీసి అంటించండి, ఒరిజినల్ దాని వెనక పిన్ చేయండి, గమ్ రాస్తే ఇంకా తొందరగా చెరిగిపోతుంది.